మూడేళ్ళుగా అదే పార్టీలో ఇరుక్కుపోయాను

ప్రశ్న:

నమస్తే. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాను. క్రైమ్ నవల చేతికిస్తే రెండు రాత్రుల్లో అవగొట్టేస్తాను. కానీ క్లాసిక్ అనేసరికి నా బండి కదలదు. టాల్‌స్టాయ్ ‘యుద్ధము - శాంతి’ మూడేళ్ళలో మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఆ మొదటి పార్టీ దగ్గరే ఆగిపోయాను. ఎవరు ఎవరో తెలియదు, ఒక్కొక్కరికి నాలుగేసి పేర్లు, మధ్యలో ఫ్రెంచి. పోనీ మన భాషలోనిదైతే నయం కదా అని అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’ తెరిచాను. రెండో పద్యానికి డిక్షనరీ, నాలుగో పద్యానికి నిద్ర. తర్వాత కథ మాత్రం వచనంలో చదివాను. అందులో అప్సరస వరూధినికి జరిగింది చూసి ఒళ్ళు మండింది.

నా స్నేహితుల్లో నలుగురైదుగురు సాహిత్యం బాగా చదివినవాళ్ళు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే తలూపుతూ కూర్చుంటాను. ఒకసారైతే నేను చదవని పుస్తకం గురించి “అద్భుతం” అనేశాను. ఆ రాత్రంతా సిగ్గేసింది. ఫోన్ చూసీ చూసీ నా బుర్ర పాడైపోయిందా? లేక ఈ పుస్తకాల గొప్పతనమంతా ఒకరు చెప్పారని ఇంకొకరు చెప్పడమేనా? అసలు ఇవి చదవకపోతే ఏమవుతుంది? మొహమాటం లేకుండా చెప్పండి.

- ఓ పాఠకురాలు

జవాబు:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, అది తేలిక కనుక. చదవకపోతే ఏమీ అవదు. టాల్‌స్టాయ్‌ని ముట్టుకోకుండా హాయిగా బతికి, నలుగురి చేతా మంచివాడనిపించుకుని వెళ్ళిపోయినవాళ్ళు కోట్లలో ఉన్నారు. కాబట్టి ఇదేదో తీర్చాల్సిన బాకీ అన్నట్టు నెత్తిన పెట్టుకోకండి. అయితే ఒకే పుస్తకాన్ని మూడేళ్ళలో మూడుసార్లు తెరిచారంటే, ఊరికే వదిలేసే మనిషి కాదు మీరు. ఏదో లాగుతోంది. ఆ లాగేదాని కోసమే ఈ నాలుగు మాటలూ.

“తేడా నాలో ఉందా, పుస్తకంలో ఉందా” అన్న సందేహం మీకంటే ముందు ఒక పెద్దమనిషికి వచ్చింది. ఆయన కుర్రతనంలో షేక్‌స్పియర్‌ని చదివాడు. విసుగొచ్చింది. లోకమంతా మెచ్చుకుంటున్నది నాకెందుకు ఎక్కదు అనుకుని మళ్ళీ చదివాడు. రష్యన్‌లో చదివాడు, ఇంగ్లీషులో చదివాడు, జర్మన్‌లో చదివాడు. డెబ్భై అయిదేళ్ళ వయసులో మరోసారి అన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. అప్పుడూ అదే విసుగు. నాగరిక ప్రపంచమంతా శిఖరం అంటున్నది నాకు చెత్తగా కనిపిస్తోందంటే, మతి తప్పింది నాకా, వాళ్ళకా అని రాసుకున్నాడు. చివరికి వాళ్ళకే అని తేల్చేసి, 1906లో దాని మీద పెద్ద వ్యాసం అచ్చేయించాడు. ఆ పెద్దమనిషి మరెవరో కాదు, మిమ్మల్ని మూడేళ్ళుగా పార్టీలో నిలబెట్టేసిన టాల్‌స్టాయే.

ఆయన తీర్పు సరైనదని నేననను. షేక్‌స్పియర్ నాటకం ‘కింగ్ లియర్’ విషయంలో తప్పులో కాలేశాడనే నా నమ్మకం. కానీ గొప్ప పుస్తకం ఎక్కకపోవడం బుర్ర తక్కువతనానికి గుర్తని ఎవరైనా అంటే, ఆయన్ని ఏ బెంచీ మీద కూర్చోబెడతారో అడగండి.

ఫోన్ సంగతి. కొంత నిజమే, నేనూ బాధితుణ్ణే. పేజీ మధ్యలో చెయ్యి దానంతట అదే ఫోన్ వైపు పోవడం నాకూ అలవాటైంది. చదివేటప్పుడు దాన్ని పక్క గదిలో పెట్టేస్తే సగం గొడవ తీరుతుంది, దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు. కానీ మీ ఉత్తరంలోనే ఒక సాక్ష్యం ఉంది. నవలని రెండు రాత్రుల్లో ముగించగల మనిషికి నిలకడ లేదంటే నేను నమ్మను. ఆ నవలలు మీకోసం, మీ ఓపిక ఎంతో లెక్కేసుకుని తయారైనవి. మొదటి పేజీలో శవం, మూడో పేజీలో అనుమానం. పాతవాటిని రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఇంకో రకం పాఠకుడు. అతను చదివే వేగం వేరు, చదివే చోటు వేరు, కొన్నింటికైతే అతను పాఠకుడే కాదు, శ్రోత. మీరు చేస్తున్న పొరపాటు ఏమైనా ఉంటే అది ఒక్కటే: అన్ని పుస్తకాల్నీ క్రైమ్ నవల చదివినట్టు చదవబోతున్నారు. ఒక పాత పుస్తకం పట్టుకునే ముందు, దీన్ని అప్పటివాళ్ళు ఎలా అందుకున్నారు అని ఒక్క నిమిషం ఆరా తీయండి. నెలనెలా వాయిదాల్లోనా? రంగస్థలం మీదా? ఎవరో రాగం తీసి చదువుతుంటే వింటూనా? మీరూ వీలైనంత అలాగే అందుకోండి. నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే. మిగతాదంతా దీనికి పిలకలే.

ముందు మీ పార్టీ దగ్గరికే పోదాం.

1805 జులై, పీటర్స్‌బర్గ్. అన్నా పావ్లొవ్‌నా అనే రాజాస్థానపు స్త్రీ ఇంట్లో గొప్పవాళ్ళంతా చేరారు. నెపోలియన్ గురించి మాట్లాడుతున్నారు, అదీ ఫ్రెంచిలో. కాస్త ఆగి ఆమెను చూడండి. కొన్ని రోజులుగా ఆమెకు దగ్గు. తనకు వచ్చింది ‘గ్రిప్’ అని చెప్పుకుంటోంది. ఆ మాట అప్పట్లో కొత్తదనీ, ఏ కొద్దిమందో తప్ప వాడేవారు కాదనీ రచయిత పక్కనే ఒక చురక వేస్తాడు. అంటే జలుబుకి కూడా ఫ్యాషన్ పేరు పెట్టుకునే మనిషి. ఇంకొంచెం ముందుకు పోతే, ఆమె అతిథుల మధ్య తిరిగే తీరుని నూలు మిల్లు యజమానితో పోలుస్తాడు. ఎక్కడ కదురు ఆగిపోయింది, ఎక్కడ మరీ కీచుమంటోంది అని చూసుకుంటూ, ఆగినచోట తిప్పుతూ, అరిచేచోట తగ్గిస్తూ తిరిగే యజమాని. ఆ గదిలోని సంభాషణ అంతా మిల్లులో కదుళ్ళ చప్పుడు. అందులో అర్థం వెతక్కండి, లేదు. చప్పుడు ఆగకుండా ఉండటమే వాళ్ళకు కావలసింది.

అప్పుడు ప్రిన్స్ ఆంద్రేయ్ లోపలికి వస్తాడు. మొహం నిండా విసుగు. ఆ గదిలో ఉన్న ఒక్కొక్కరినీ చూసి చూసి అలసిపోయాడు, అందరికంటే ఎక్కువగా తన సొంత భార్యని చూసి. అంతలో లావుపాటి పియెర్ కనిపిస్తే ఒక్కసారిగా మొహం విచ్చుకుంటుంది. విదేశాల నుంచి కొత్తగా వచ్చిన ఈ పియెర్‌కి ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియదు. నెపోలియన్ని తిట్టుకుంటున్న ఇంట్లో నెపోలియన్ని వెనకేసుకొస్తాడు. అన్నా పావ్లొవ్‌నా గుండె దడదడలాడుతుంది, కదురు కీచుమంటోంది మరి.

ఇప్పుడు చెప్పండి, ఆ పార్టీలో మీకు విసుగు పుట్టడం తప్పా? అక్కడ విసుక్కోవాలనే కదా రచయిత మిమ్మల్ని పిలిచింది. మీరు ఆంద్రేయ్ పక్కన నిలబడి ఉన్నారు. అర్థం కాలేదనుకుని ఇంటికి వెళ్ళిపోయారు గానీ, మీకు అర్థమైంది. పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాలన్న టెన్షన్‌తో పరీక్ష రాసేవాళ్ళలా చదివారు. పార్టీకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా అందరి పేర్లూ గుర్తుపెట్టుకుంటారా? ఇద్దరు ముగ్గురు తేడా మనుషులు కనిపిస్తారు, వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచుతాం. ఆంద్రేయ్, పియెర్. ఆ పూటకి ఇద్దరు చాలు.

పేర్ల తికమకకి ఒక చిన్న చిట్కా. రష్యన్ మనిషికి తన పేరు, తండ్రి పేరు మీద వచ్చే పేరు, ఇంటిపేరు, ఇవి కాక ముద్దుపేరు. నతాల్యా ఇల్యినిచ్నా రస్తోవా, నతాషా ఒకరే. ఇది మనకు కొత్తేం కాదు. వెంకటేశ్వరరావు గారు, వెంకటేశం, వెంకీ ఒకరే అయినప్పుడు, ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారన్నదాన్ని బట్టి చనువెంతో పట్టేస్తాం కదా. అక్కడా అంతే. ఒక కాగితం మీద పది పేర్లు రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. చాలా ముద్రణల్లో ప్రచురణకర్తలే పాత్రల పట్టిక ముందు పేజీల్లో వేస్తారు.

ఇక వేగం. ఆ పుస్తకం మీ చేతికి ఒక ఇటుకలా వచ్చింది. మొదటి పాఠకులకి అలా రాలేదు. 1865లో ‘1805’ అన్న పేరుతో దాని మొదటి భాగాలు ఒక రష్యన్ పత్రికలో వచ్చాయి. మిగతావి తర్వాత సంపుటాలుగా వచ్చి, మొత్తం పూర్తయ్యేసరికి 1869. నాలుగేళ్ళపాటు వాళ్ళు ఆ మనుషులతో కలిసి బతికారు. మధ్యలో ఎదురుచూశారు, వాదించుకున్నారు, మర్చిపోయి మళ్ళీ గుర్తుచేసుకున్నారు. డికెన్స్ నవలలు చాలావరకు నెలకు 32 పేజీల చొప్పున ఏడాదిన్నరకు పైగా వచ్చేవి. ‘కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ని 1844 నుంచి 1846 దాకా దినపత్రికలో ముక్కలు ముక్కలుగా చదివారు. మనం వెబ్ సిరీస్‌ని రాత్రంతా కూర్చుని చూసినట్టు, వీటిని వారంలో ఊడ్చేయాలని చూస్తాం. మూడు పూటల భోజనం ఒకేసారి వడ్డిస్తే ఎంత మంచి వంటైనా వెగటు పుడుతుంది.

‘యుద్ధము - శాంతి’లో 361 చాప్టర్లున్నాయి. వినడానికి భయంగా ఉంటుంది గానీ, మెలకువగా చూస్తే ఇది శుభవార్త. వెయ్యి పేజీలు దాటిన పుస్తకంలో ఇన్ని చాప్టర్లంటే ఒక్కొక్కటీ చిన్నదేగా. రోజుకొకటి చదివితే ఏడాది తిరిగేసరికి అయిపోతుంది. పావుగంట పని. ఇలా చదివితే ఒక వింత జరుగుతుంది. మిగతా ఇరవై మూడు గంటల ముప్పావు మీరు చదవకపోయినా ఆ మనుషులు మీతో తిరుగుతుంటారు. ఆఫీసులో ఎవరో అతిగా నవ్వుతుంటే అన్నా పావ్లొవ్‌నా గుర్తొస్తుంది. నా మటుకు నాకు ఆ పుస్తకం అలాగే ఎక్కింది, పదకొండు నెలలు పట్టింది, మధ్యలో రెండు వారాలు ఎగ్గొట్టాను కూడా.

దాటేసి చదవచ్చా అని మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. దాటేయండి. యుద్ధం గురించి, చరిత్ర గురించి ఉపన్యాసాలు వచ్చినచోట పేజీలు తిప్పితే మహాపాపమేమీ కాదు. 1873లో వేసిన కూర్పులో స్వయంగా టాల్‌స్టాయే ఆ చర్చల్ని కథలోంచి పీకి చివర అనుబంధంలో పెట్టాడు. మీకు అడ్డం పడ్డ ఆ ఫ్రెంచిని కూడా రష్యన్‌లోకి మార్చేశాడు. తర్వాతి కూర్పుల్లో అవన్నీ మళ్ళీ వెనక్కి వచ్చాయనుకోండి, అది వేరే కథ. రాసినవాడికే అనుమానం వచ్చినచోట మీకు వస్తే తప్పేముంది? ఒక్క మాట మాత్రం, దాటేసిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. కథ మీద ప్రేమ పుట్టాక ఆ గీతల దగ్గరికి తిరిగి వెళ్ళాలనిపిస్తుంది. అనిపించకపోతే వెళ్ళకండి.

ఇప్పుడు ‘మనుచరిత్ర’. ఇక్కడ మీ మీద నాకు కాస్త ఫిర్యాదుంది. నాలుగో పద్యానికి నిద్రొచ్చింది అన్నారు. ప్రబంధాల్లో మొదటి పద్యాలు ఏమిటో తెలుసా? దేవతలకు దండాలు, పూర్వకవులకు నమస్కారాలు, ఆపైన కృతి అందుకునే రాజుగారి వంశం, పరాక్రమం. అవి రాయలవారి కోసం, ఆయన కొలువు కోసం. సినిమాకు ముందు పడే టైటిల్స్ చూసి సినిమా బాగోలేదని హాల్లోంచి లేచొచ్చేసినట్టుంది మీ పని. ఆ ముందుమాట లాంటి అవతారికంతా వదిలేసి తిన్నగా కథానాయకుడు ప్రవరుడు వచ్చేచోటికి వెళ్ళండి. పెద్దన గారు ఏమీ అనుకోరు.

వెళ్ళాక కళ్ళతో చదవకండి. ప్రవరుడు హిమాలయం చేరినప్పటి పద్యం ఒకటుంది, “అటజని కాంచె” అని మొదలవుతుంది. అందులో ఒక సమాసం దగ్గర ఆగుదాం: “అభంగ తరంగ మృదంగ”. డిక్షనరీ పక్కన పెట్టి, తలుపు వేసుకుని, ఈ మూడు మాటల్నీ గట్టిగా అనండి. మూడుసార్లు అనండి. భంగ, రంగ, దంగ. ఆ గుండ్రటి మోత మీ నోట్లోంచే వస్తోంది. కొండ మీది నుంచి సెలయేళ్ళు దూకుతుంటే అలల చప్పుడు మద్దెల మోతలా ఉందట, ఆ మోతకి నెమళ్ళు పురివిప్పి ఆడుతున్నాయట. అర్థం ఇంతే. కానీ అర్థం తెలియకముందే మద్దెల వినపడిందా లేదా? ఈ పద్యాన్ని కాగితం మీద మౌనంగా, ఒక్కో మాటకీ అర్థం వెతుక్కుంటూ చదవడమంటే పాటని వినకుండా దాని స్వరాలు మాత్రం చూడటం లాంటిది. పద్యం చెవి కోసం పుట్టింది. ఒకరు చదవడం, ఒకరు విడమరిచి చెప్పడం, మిగతావాళ్ళు వినడం, అలా బతికింది. మీకు పక్కన చెప్పేవాళ్ళు లేరు కనుక టీకా తాత్పర్యాలున్న ప్రతి తీసుకోండి. ముందు తాత్పర్యం చదివేసి, కథ తెలిశాక, పద్యం పైకి చదవండి. ముందే జవాబు చూస్తే మోసం చేసినట్టు కాదు, అప్పటి శ్రోతలకూ కథ ముందే తెలుసు. మార్కండేయ పురాణంలోది.

అన్నీ అంత బిగువుగా ఉంటాయనుకుని భయపడకండి. హిమాలయానికి చేర్చిన, కాలికి రాసుకున్న మహిమగల పసరు మంచుకి కరిగిపోయి, తిరిగి వెళ్ళే దారి తెలియక ప్రవరుడు అల్లాడుతుంటాడు. వరూధిని కనిపిస్తుంది. “ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ” అని అడుగుతాడు. బెదిరిన లేడికళ్ళదానా, ఎవరు నువ్వు, దారి తప్పాను, మా ఊరికి దారి చెప్పు అని. గమ్మత్తేమిటంటే అక్కడ బెదిరి ఉన్నది ప్రవరుడే. ఆమె ఏమంటుందో తెలుసా? “ఇంతలు కన్నులుండ తెరువెవ్వరి వేడెదు”. ఇంతింత కళ్ళు పెట్టుకుని దారి ఎవర్ని అడుగుతున్నావయ్యా? ఒంటరిగా కనపడ్డ ఆడపిల్లని ఏదో వంకతో పలకరిద్దామని గానీ, వచ్చిన దారి నీకు తెలియదా? ఇది రాసి అయిదు వందల ఏళ్ళు. ఈ మాటకి డిక్షనరీ కావాలా? “దారి చెప్పండి”, “టైమెంతయింది” అని మాట కలిపే కుర్రాళ్ళని చూసినవాళ్ళెవరికైనా నవ్వొస్తుంది. ఆమె గొంతులో ఉన్న ఆ చిలిపితనం, ఆ ధీమా చూడండి.

అదిగో, అందుకే మీకు ఒళ్ళు మండింది. నాకూ మండుతుంది. ప్రవరుడు కాదని వెళ్ళిపోయాక, అంతకుముందు ఆమె కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపంలో వస్తాడు. ఆమె నమ్ముతుంది. వాళ్ళకి కొడుకు పుడతాడు, కథ ముందుకు పోతుంది. ఈ రోజు దానికి మనం పెట్టే పేరు మోసం, ఇంకా గట్టి పేరు కూడా ఉంది. కావ్యం మాత్రం దాన్ని మనువు పుట్టుకకు దారిగా చూస్తుంది. “ఆ కాలం అలాంటిది” అని సర్దుకుపొమ్మని మీకు చెప్పను. ఆ మాట చాలాసార్లు నోరు మూయించడానికే వాడతారు. కానీ మీ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. పురాణంలో ఒక పాత్రగా మిగలాల్సిన అప్సరసకి ఇంత మాట నేర్పును, ఇంత విరహాన్ని, ఇంత మనసును ఇచ్చింది పెద్దనే. ఆయన ఆమెను అంత సజీవంగా నిలబెట్టకపోతే ఆమెకి అన్యాయం జరిగిందని మీకు తట్టేదే కాదు. కాబట్టి కోపం తెచ్చుకుంటూనే చదవండి. మార్జిన్లో తిట్లు రాయండి. నా పాత పుస్తకాల మార్జిన్లు చూస్తే ఎవరైనా నాకు రచయితలతో ఆస్తి తగాదాలున్నాయనుకుంటారు.

అయితే కోపానికీ, విసుక్కీ తేడా ఉంది. కోపమొస్తున్న పుస్తకం పనిచేస్తున్నట్టే లెక్క. విసుగు సంగతే తేల్చుకోవాలి. కొత్త ఊళ్ళో మొదటి వారం దారులు తెలియక వచ్చే చిరాకు ఒకటి, అది రోజురోజుకీ తగ్గుతుంది. ఒక అరవై డెబ్భై పేజీలయ్యాక కూడా చిరాకు పెరుగుతూనే ఉందంటే ఆ పుస్తకానికీ మీకూ పొసగదు, లేదా ఇప్పుడు సమయం కాదు. అనువాదమైతే వదిలేసే ముందు ఇంకొకరి అనువాదంలో నాలుగు పేజీలు చూడండి. చాలాసార్లు మనం మూల రచయిత మీద వేసే నింద అనువాదకుడిది.

నా సొంత గోడు ఒకటి చెప్పుకుంటాను. ‘మోబీ డిక్’ అని హెర్మన్ మెల్విల్ రాసిన 1851 నాటి నవల. ఓడ, సముద్రం, తిమింగలం మీద పగబట్టిన కెప్టెన్. బాగా సాగుతుంటే 32వ చాప్టర్లో కథ ఆపేసి తిమింగలాల్లో రకాలు చెప్పడం మొదలెడతాడు. పేజీల తరబడి. నేను అక్కడే మూసేసి చాలా ఏళ్ళు దాని మొహం చూడలేదు. తర్వాత ఒకసారి ఆడియో పుస్తకంగా, నడక సమయంలో విన్నాను. అదే చాప్టర్ వచ్చింది. వింటుంటే హఠాత్తుగా తెలిసింది, ఈయన తిమింగలాల్ని పుస్తకాల సైజుల్ని బట్టి విడగొడుతున్నాడు, పెద్ద సైజు పుస్తకం, మధ్య సైజు, చిన్న సైజు అని. మొహం సీరియస్‌గా పెట్టి ఆటపట్టిస్తున్నాడు! రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను. కంటికి పాఠంలా కనిపించినది చెవికి కబుర్లలా వినిపించింది. ఆ పుస్తకం అచ్చయినప్పుడు కూడా చాలామందికి ఎక్కలేదు లెండి. లండన్ ముద్రణలో చివరి పేజీ ఎగిరిపోయింది, ఓడ మునిగాక కథ చెప్పేవాడు ఎలా బతికాడో లేకుండానే వచ్చేసింది. అందరూ పోతే ఈ కథ చెప్పిందెవరయ్యా అని అప్పటి విమర్శకులు దులిపేశారు. రచయిత 1891లో పోయాడు. ఆ పుస్తకానికి పెద్ద పేరు వచ్చింది ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి.

ఇలా ఒకటి దారికొచ్చింది గానీ, నాకు ఇప్పటికీ ఎక్కని మహాకవి ఒకాయన ఉన్నారు. పేరు చెప్పను, ఇంట్లో ఆయన అభిమానులున్నారు, అన్నం దొరకదు.

స్నేహితుల ముందు “అద్భుతం” అన్న విషయం మరీ అంత మనసులో పెట్టుకోకండి. ఆ గుంపులో ఆ మాట అలాగే అన్నవాళ్ళు ఇంకొకరైనా ఉంటారని నాకు గట్టి అనుమానం. ఈసారి కలిసినప్పుడు “నేను పార్టీ దగ్గర ఆగిపోయాను, మీరెలా దాటారు” అని అడిగి చూడండి. అంతకంటే మంచి పని ఇంకొకటుంది. వాళ్ళని కూర్చోబెట్టి ‘కన్యాశుల్కం’ పైకి చదివించండి. అది 1892లో రంగస్థలం ఎక్కాక అచ్చయిన నాటకం, ఇప్పుడు మనం చదివేది గురజాడ 1909లో బాగా పెంచి తిరగరాసిన రూపం. మనుషులు మాట్లాడుకునే భాషే. ఒంటరిగా చదివితే పొడవనిపిస్తుంది. ఒకరు గిరీశం, ఒకరు మధురవాణి, ఒకరు రామప్ప పంతులు పంచుకుని ఒక్క అంకం చదవండి చాలు. గిరీశం ఇంగ్లీషు కోతలు కోసేటప్పుడు ఎవరి గొంతు దానంతట అదే మారిపోతుందో చూడండి. సాహిత్యం బాగా తెలిసినవాళ్ళు తలూపడం మానేసి నవ్వడం మొదలుపెడితే మీకూ సర్దుకుని కూర్చోవాల్సిన అవసరం ఉండదు. విశ్వనాథ ‘వేయిపడగలు’ కూడా మీ జాబితాలో ఉండే ఉంటుంది, అంత లావు పుస్తకం చూసి జడుసుకునీ ఉంటారు. అది ఆయన నోటితో చెబుతుంటే తమ్ముడు రాసుకున్న నవల. కబుర్లు చెప్పే పెద్దాయన ఒక దారిలో బయల్దేరి ఇంకో దారిలో తేలతాడు, ఆయన వెనకే పోవాలి. కానీ దాన్ని ఇప్పుడు మొదలుపెట్టకండి. ఒకటొకటిగా.

ముందు ఆ రష్యన్ పుస్తకం బయటికి తీయండి. నాలుగోసారి మొదటి పేజీ నుంచి మాత్రం మొదలుపెట్టొద్దు. ఆ పార్టీకి మూడుసార్లు వెళ్ళొచ్చారు, మర్యాదలన్నీ తీరాయి. తిన్నగా మాస్కోలో రస్తోవ్‌ల ఇంటికి వెళ్ళండి. ఎక్కువ దూరం లేదు, ఆ మొదటి భాగంలోనే. అక్కడా చుట్టాలు, అక్కడా మర్యాద మాటలు, ఓ పెద్దావిడ లేవబోతూ లేవకుండా కూర్చుని ఉంటుంది. అంతలో పక్కగదిలో కుర్చీ పడ్డ చప్పుడు. పదమూడేళ్ళ పిల్ల ఒకతి గౌను మడతల్లో ఏదో దాచుకుని గది మధ్యలోకి దూసుకొచ్చి, ఇంత దూరం పరిగెత్తుకొస్తానని తనకే తెలియనట్టు ఆగిపోతుంది. ఆ మడతల్లో ఏముందో చూసి నాకు రాయండి.